హనోయిలో తప్పిపోయిన మా అక్క

ఈ రోజు కావలిలో మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే తెలియని విదేశీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వియత్నాం యాత్రకు వెళ్లిన మా సరోజక్క! హనోయి బజారులో తోటివాళ్ల నుంచి తప్పిపోయింది. భయమన్నా వినకుండా ఆమెను పంపింది నేనే.

"ఇది ఎవరి ఫోనక్కా?"

"నూడుల్స్ అమ్మే ఆమెది అబ్బయ్యా. రోడ్డు దాటలేక ఏడస్తా నిలబడుంటే తీసకపొయ్యి అంగట్లో కూర్చోబెట్టింది. ఆమె మాట నాకు తెలీదు, నా మాట ఆమెకి తెలీదు. చెయ్యి మాత్రం వదల్లేదు."

వెంటనే యాత్ర గైడుకు ఫోన్ చేసి ఆ నంబరు ఇచ్చాను. అతను చేరేదాకా గంటసేపు నాకు ముద్ద దిగలేదు. అంతసేపూ ఆ నూడుల్స్ ఆమె బేరం మానుకుని అక్క పక్కనే కూర్చుందట.

అక్క క్షేమం. మన కావలి బస్టాండులో భాష రాని మనిషి అలా ఏడుస్తుంటే మనం ఆగుతామా? నిజం చెప్పండి.