చెవి మేస్త్రి, మూడో సిలిండరు

ఆ వీధిలో ఎవరి బండి మొరాయించినా ముందు చెవి మేస్త్రి దగ్గరికే తోసుకెళ్లేవాళ్లు. ఆయన పద్ధతి అందరికీ తెలిసిందే. ఇంజను నడుస్తుండగా మూరెడు స్క్రూడ్రైవరు మొన దాని మీద మోపి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. షెడ్డులో సుత్తులు ఆగిపోయేవి. పక్క షెడ్డు వెల్డరు మంట ఆర్పేవాడు. గుండె పరీక్ష చేసే డాక్టరు కూడా అంత నిశ్శబ్దం కోరడు. కాసేపటికి కళ్లు తెరిచి "రెండో వాల్వు" అనేవాడు. నూటికి తొంభైసార్లు రెండో వాల్వే. మిగతా పదిసార్ల సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. పేరు నిలబడేది అలాగే మరి.

సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో చూపించే గేజి కూడా ఒకటి షెడ్డులో ఉండేది. విడిభాగాల దుకాణం వాడు అంటగట్టింది. ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా గోడకు మేకు కొట్టి దాన్ని తగిలించాడు. ఎవరైనా అడిగితే "చెవుల్లేనివాళ్ల కోసం" అనేవాడు.

మేస్త్రికి ఒక్కతే చెల్లెలు. ఆమె భర్త రిజిస్ట్రేషను ఆఫీసులో గుమాస్తా. ఈ బల్ల మీది ఫైలు ఆ బల్ల మీదికి చేరడానికి పదిహేను రోజులు పట్టించే ఆ మనిషికి, నలభై దాటాక వేగం మీద మోజు పుట్టింది. ఫోనులో వీడియోలు చూసీ చూసీ, ఒక ఆదివారం తన పాత కారేసుకుని షెడ్డుకొచ్చాడు.

"బావగారూ, సూపర్‌చార్జరా, టర్బోచార్జరా? మీరేదంటే అదే."

రెండూ చేసేది ఒకటే పని, ఇంజను గొంతులో మామూలు కంటే ఎక్కువ గాలి కుక్కడం. సూపర్‌చార్జరు ఇంజనుకే బెల్టు తగిలించుకుని తిరుగుతుంది. టర్బో, బయటికి ఊరికే పోయే పొగ ఊపుతో తిరుగుతుంది. మేస్త్రి ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ అలవాటు కొద్దీ స్క్రూడ్రైవరు తీశాడు.

మూడో సిలిండరు దగ్గర చెవిలో సన్నగా బుసబుస వినిపించింది. ఎక్కడో గాలి జారిపోతోంది.

ఆ ఇంజను రెండేళ్ల కిందట విప్పి బిగించింది ఆయనే. పిస్టన్ పక్కల నుంచి గాలి జారకుండా పట్టే రింగులు మార్చిన రోజు చుట్టూ పదిమంది మూగారు. గేజిలు నమ్ముకున్నవాడు మెకానిక్కే కాడని ఆయన ఉపన్యాసం దంచుతూ రింగులు తొడిగాడు. రింగు మీద చిన్న చుక్క ఉంటుంది. అది పైకి ఉండాలి. తిరగబడితే కిందికి గీకాల్సిన ఆయిల్ని పైకి తోస్తుంది. మూడోదాని చుక్క ఎటు పెట్టాడో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. చప్పట్లు మాత్రం బాగా గుర్తున్నాయి.

అలాంటి ఇంజనుకు ఇంకా గాలి కుక్కితే మొదటి ఎత్తు రోడ్డుకే పిస్టన్ పగులుతుంది. ఏదీ వద్దని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే వెల్డరు వింటాడు. వెల్డరు విన్నది వీధి వినడానికి ఒక టీ తాగేంత సమయం చాలు.

"చూద్దాం బావా, తొందరేముంది" అన్నాడు మేస్త్రి.

అలా మూడు వారాలు చూశారు. గుమాస్తా టర్బో వైపు మొగ్గితే మేస్త్రి టర్బోను ఉతికి ఆరేసేవాడు.

"నువ్వు తొక్కిన కాసేపటికి గానీ అది నిద్ర లేవదు బావా. మీ ఆఫీసులాంటిది."

"అయితే సూపర్‌చార్జరే ఖాయం చేద్దామా?"

"అది లేస్తుంది, కానీ ఇంజను కష్టంలో వాటా తినేస్తుంది. అదీ మీ ఆఫీసులాంటిదే."

వెల్డరు టర్బో పక్షం. "అన్నా, ఊరికే పోయే పొగతో పని చేయించుకోవడం తెలివి కాదా?" అనేవాడు. "నీ నోటి గాలితో తిప్పితే అసలు పొగే అక్కర్లేదురా" అనేవాడు మేస్త్రి. అంతా నవ్వేవాళ్లు. నిజం చెప్పకుండా తప్పించుకోవడానికి ఇంత శాస్త్రం పనికొస్తుందని ఆయనకూ అప్పుడే తెలిసింది. ఆ మూడు వారాల్లో చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. అదే దరిద్రం.

నాలుగో ఆదివారం గుమాస్తా డబ్బాతో సహా దిగాడు. టర్బో కొనేశాడు. జీవితంలో ఆయన ఒక ఫైలు తనంతట తాను కదిలించిన సందర్భం అదొక్కటే. వెంట చెల్లెలు కూడా వచ్చింది.

"బిగించేయండి బావగారూ. వచ్చే వారం మీ చెల్లెల్నెక్కించుకుని కొండ రోడ్డెక్కుతున్నా."

చెల్లెలు బానెట్టు పక్కకొచ్చి అడిగింది. "అన్నయ్యా, ఈ మధ్య నెలకో డబ్బా ఆయిల్ తాగుతోందిది. వెనకాల నీలం పొగ. ఇది పెడితే తగ్గుతుందా?"

వెల్డరు మంట ఆర్పాడు.

మేస్త్రి స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. గోడ దగ్గరికెళ్లి గేజి దించి, పళ్లతో కవరు చింపాడు. ఒక్కో స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో గేజి బిగించి, చెల్లెలి చేత తాళం తిప్పించాడు. ఒకటి, రెండు, నాలుగు బాగానే ఉన్నాయి. మూడో దాంట్లో ముల్లు సగం దారిలోనే కూలబడింది.

"రింగు తిరగేసి వేసినట్టున్నాను" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "రెండేళ్ల కిందట. నేనే."

గుమాస్తా డబ్బాను ఒళ్లోకి లాక్కున్నాడు. "మరి ఈ మూడు వారాలూ నాకు చెప్పిందంతా?"

"అంతా నిజమే బావా. నీ బండికే సంబంధం లేదు."

"నీకెప్పుడు తెలిసింది?" అంది చెల్లెలు.

"మొదటి రోజే. వినపడింది."

ఆమె అన్నయ్యను ఎగాదిగా చూసింది. "అయితే నీ చెవి శుభ్రంగానే ఉంది. నోరే రిపేరుకొచ్చింది. మేం కొండ మీద ఆగిపోయాక చెబుదామనుకున్నావా?"

మేస్త్రి ఇంజను దించే గొలుసు అందుకున్నాడు. ఇటు పట్టుకొమ్మని ఎవరూ అడగకుండానే వెల్డరు వచ్చి పట్టుకున్నాడు. వార్త దగ్గర్నుంచి చూడాలి కదా.

సాయంత్రానికి పిస్టన్ బయటికొచ్చింది. చుక్క కిందికే ఉంది.

రింగులు మార్చాక గుమాస్తా కారు కొండ ఎక్కి దిగింది. వచ్చి, "టర్బో పెట్టినట్టే లాగుతోంది" అని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు. అసలు టర్బో డబ్బా వాళ్లింట్లో టీవీ కింద ఎత్తు కోసం పనికొచ్చింది. వీధి మాత్రం మేస్త్రి పేరు వారంలోపే మార్చేసింది. ఇప్పుడు చుక్క మేస్త్రి అంటారు, ఆయన వినేంత దూరంలోనే.

ఆయన వింటాడు. చెవి బాగానే పనిచేస్తుంది.