లెక్కపెట్టని యాభై కణాలు

1980ల మొదట్లో నేను తిరుత్తణిలో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, నూరు తెల్లకణాలు లెక్కపెట్టి, ఏ రకం ఎన్ని ఉన్నాయో రాయడం నా పని.

ఆ ఏడు ఆడి కృత్తిక పండగకు ఊరంతా కొండమీది గుడికి కావళ్లు మోసుకొచ్చిన జనం. క్లినిక్‌లో కాలు పెట్టే చోటు లేదు. నేతపని చేసే కుప్పమ్మ కూతురికి విడవని జ్వరం. నేను యాభై కణాలే చూసి, అంకెలు రెట్టింపు చేసి రాసేశాను. పైగా "రక్తం బాగుందమ్మా" అని చెప్పాను.

వారం తర్వాత తల్లీకూతుళ్లిద్దరూ గుండు చేయించుకుని వచ్చారు.

"రిపోర్టు బాగుండాదంటివి కదన్నా, కొండమీద మొక్కు తీర్చేసినాం. జొరం మాత్రం పోలేదు" అంది కుప్పమ్మ.

డాక్టరుగారు పాత రిపోర్టు చూసి నన్ను లోపలికి పిలిచారు. "ఒక్క బేసి అంకె కూడా లేదేమయ్యా? సగమే ఎంచి రెట్టింపు చేసినావా?"

దాచి ఉంచిన ఆ స్లైడునే మళ్లీ పెట్టాను. అరవై దాటాక, రక్తంలో కనబడకూడని, ఇంకా ఎదగని పెద్ద తెల్లకణం ఒకటి కనిపించింది. నూరు పూర్తయ్యేలోగా ఇంకో మూడు. రక్త క్యాన్సర్ కావచ్చని డాక్టరుగారు పాపను వెంటనే మద్రాసుకు పంపించారు.

వెళ్తూ కుప్పమ్మ నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. "నువ్వు ఇంకోతూరి చూడబట్టే తెలిసిందన్నా."

రిటైరయ్యేదాకా ఏ స్లైడులోనూ నూరుకు ఒక్క కణం తగ్గించలేదు. పాప ఏమైందో కనుక్కునే ధైర్యం మాత్రం రాలేదు. చేసిన తప్పుకన్నా, ఆ దండాన్ని కాదనకుండా అందుకున్నందుకే నాకు ఇప్పటికీ సిగ్గు.