ముప్పై ఏడో నంబరు పేపరు

మా భౌతికశాస్త్ర గురువర్యులు ఎర్రిస్వామిగారు గత మంగళవారం ఉదయం తమ ఊరు మోక బస్టాపులో బళ్లారి బస్సు కోసం నిలబడి, నిలబడినచోటే కుప్పకూలి పరమపదించారు. ఆ సమయానికి మేమంతా బళ్లారి కౌల్ బజార్‌లో పాత్రల అంగడి పైనున్న తరగతి గదిలో పుస్తకాలు తెరుచుకొని కూర్చున్నాం. ఫోను ఎత్తిన అమ్మాయి "సార్ రారంట" అంది. సెలవేమో అనుకున్నాం. ఒకరిద్దరం సంతోషించాం కూడా. అందులో నేనొకదాన్ని. ఆ సంతోషం ఎంతసేపు ఉందో, అసలు సంగతి ఎవరు చెప్పారో, ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.

పదకొండో నాడు పంచే ఈ చిన్న పుస్తకానికి రాయమని పాత విద్యార్థులు నన్నడిగారు. మా బ్యాచ్‌లో అందరిదీ కన్నడ చదువు, తెలుగు రాయడం వచ్చినది నాకొక్కదానికే. కురుగోడు దగ్గర, ఆంధ్ర నుంచి వలస వచ్చినవాళ్ళ క్యాంపులో వరి పండించే ఇంటి పిల్లను, నాన్న పట్టుబట్టి నేర్పించాడు. మహానుభావుడు, విద్యాదాత, నిరాడంబరమూర్తి అని రాయాలని నాకూ తెలుసు. అవన్నీ నిజమే. అయితే ఆయన చేసిన ఒక పని నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అది తేలకుండా విశేషణాలు పేర్చడానికి చెయ్యి రావడం లేదు.

సార్‌కు దాపరికం తెలియదు. బోర్డు ముందు లెక్క ఆగిపోతే సుద్దముక్క కింద పెట్టి, "ఇది నాకు తెల్లేదు, రేపు చెప్తా" అనేవారు. మరునాడు తెల్లవారి ఆరింటికే ఫోను చేసి చెప్పేవారు, మనం లేచామో లేదో ఆయనకు పట్టదు. తనకు తెలియదని పిల్లల ముందు ఒప్పుకున్న గురువును నేను మరొకరిని చూడలేదు.

అదే మనిషి ఒకసారి, మార్కులు తగ్గాయన్న సిగ్గుతో ఉగాదికి ఇంటికి పోనని భీష్మించుకున్న మా స్నేహితురాలితో "నాకూ మీ ఊర్లో పనుండాది, పాపా" అని బస్సెక్కారు. వాళ్ళింట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, తిని, ఆమె తండ్రితో గంటసేపు పంటల గురించి మాట్లాడి తిరిగి వచ్చారు. ఆ ఊళ్ళో ఆయనకు ఏ పనీ లేదని తర్వాత తెలిసింది. కాబట్టి అబద్ధమాడటం బొత్తిగా చేతకాదని కూడా అనలేను.

ఇక నా సంగతి. మెడికల్ ప్రవేశ పరీక్షకు ఇది నాకు రెండో ఏడు, ఇదే చివరిదని ఇంట్లో మాట. మొదట్లో ఆదివారం పరీక్షల్లో నూటికి డెబ్బై దాటేవి. చలికాలం వెళ్ళేసరికి అరవై మూడు, యాభై రెండు, నలభై ఒకటి. చదివే గంటలు పెంచేకొద్దీ మార్కులు తగ్గాయి. ఒకే వాక్యం నాలుగుసార్లు చదివినా తలకెక్కదు. ముద్ద నోట్లో పెట్టుకొని నమలడం మరిచిపోయేదాన్ని. నాన్నేమో ఫోనులో ఇంకాస్త గట్టిగా చదవమనేవాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మానేస్తానని సార్‌కు చెప్పేశాను.

"బేజారైందా," అన్నారాయన. "మానుకుంటే మానుకోమ్మా. దానికి ముందర నెలనాళ్ళు పరీక్ష రాయొద్దు. సుమ్నె, ఊరికే కూర్చొని నా పేపర్లు దిద్దు. పడినోళ్ళే దిద్దాల. లేసినోళ్ళకు తప్పు కండ్లకు కనపడదు."

మా పేపర్లలో జవాబుతో పాటు లెక్క ఎట్లా చేశామో కూడా రాయాలి. ప్రశ్నలు బయటి ఊరినుంచి పార్శిల్‌లో వచ్చేవి, సార్ కూడా ముందుగా చూసేవారు కాదు. పేర్లుండవు, నంబర్లే. ముప్పై ఏడో నంబరుకు మొదటివారం డెబ్బై ఎనిమిది వేశాను. తర్వాత అరవై ఆరు, యాభై అయిదు. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ పేపరు చూస్తే నాకు హాయిగా ఉండేది. నాకంటే వేగంగా జారిపోతున్న ప్రాణి ఒకటుందని నిద్ర కూడా పట్టసాగింది. నాలుగోవారం నలభై వేసి, ఎర్రసిరాతో రాశాను: "ఇంత తేలిక లెక్కల్లో ఇన్ని తప్పులా? మీకిది పడదు. మానుకోవడం మంచిది."

సార్ ఆ రెండు ముక్కలూ చాలాసేపు చదివారు. బాగా దిద్దినావన్నారు. రాసినోళ్ళకు చెప్తాలే అన్నారు. నెల నిండింది, మానేసే మాట మరిచి నేను మళ్ళీ పరీక్షల్లో కూర్చున్నాను. యాభై ఎనిమిది, అరవై నాలుగు వచ్చాయి. గండం గడిచిందనుకున్నాను. మొన్నటి ఆదివారం మళ్ళీ నలభై ఆరుకు పడ్డాను. ఈసారి నిజంగానే మానేస్తానని మంగళవారం సార్‌కు చెబుదామనుకున్నాను.

సార్ పోయిన మూడోనాడు మోకకు వెళ్తే సార్ భార్య హొన్నూరమ్మగారు ఒక కట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. అన్నీ ముప్పై ఏడో నంబరు పేపర్లే. మా తరగతిలో ఉన్నది ముప్పై ఆరుగురమే. నేనెన్నడూ లెక్కపెట్టలేదు. సార్ రాత నేను చూసింది బోర్డు మీదే, కాగితం మీద పోల్చుకోలేకపోయాను.

"మీకిచ్చే పేపరే ఇంటికి తెచ్చి, గడియారం ముందర పెట్టుకొని రాస్తాండె పాపా. ఎవరికీ చెప్పొద్దనె," అన్నారామె.

తప్పులు కావాలనే రాసేవారా అని అడిగాను.

"నాకేం తెలుసు పాపా. ఒకోసారి లెక్క రాలేదని పెన్ను ఇసిరేస్తాండె. పాలకు పోయి ఒట్టిచేతుల్తో వస్తాండె. మళ్ళా నీ పేరు చెప్పి, ఆ పిల్లకు ఇప్పుడు నిద్ర పడతాందంట అని నగుతాండె."

ఇప్పుడు నేనేమనుకోవాలి? కావాలని తప్పులు రాశారనుకుంటే, నేను కోలుకున్నదంతా ఒక నాటకం మీద. నిజంగానే తప్పారనుకుంటే, జ్ఞాపకం చేజారిపోతుంటే ఒంటరిగా పెనుగులాడుతున్న వృద్ధుడికి, నాకు చదువు చెప్పిన మనిషికి, మీకిది పడదని రాసింది నేనే. పాత విద్యార్థుల్లో ఒక డాక్టరుగారు సార్‌కు ఆ లెక్కలు రాకపోవడమేమిటని కొట్టిపారేశారు. ఇంకొకరు ఈ మధ్య పాఠం నడుమ సార్ మాట ఆగిపోవడం చూశానన్నారు. నేను దిద్దడం మానేశాక కూడా ఆయన రాస్తూనే ఉన్నారు, వాటినెవరూ దిద్దలేదు. నాటకమైతే ఎవరికోసం? నేను మళ్ళీ పడతానని తెలిసి, అప్పుడు దిద్దడానికి ఇద్దామని దాచారేమో. పొద్దున ఒకటి అనిపిస్తుంది, సాయంత్రానికి ఇంకొకటి. రెంటిలో ఏది నిజం కావాలని కోరుకోవాలో కూడా తెలియడం లేదు.

కట్టలో చివరిది నాకు నలభై ఆరు వచ్చిన ఆదివారం నాటి పేపరు. అదీ ఎవరూ దిద్దలేదు. నిన్న కూర్చొని దిద్దాను. ఆఖరున వాలుబల్ల మీద జారే దిమ్మె లెక్క ఉంది. మూడో వరుసలో తప్పింది. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టారు. అక్కడే తప్పింది. మళ్ళీ కొట్టేసి, మళ్ళీ మొదలుపెట్టారు. సగంలో టైమైపోయినట్టుంది.

సార్, పరీక్షకు ఇంకా నెల ఉంది. నేను రాస్తాను. ఎన్ని వస్తాయో తెలియదు, వచ్చేదాకా ఎవరికీ మాటివ్వను. మీ పాదాలకు నమస్కరించి ఈ పేపరు అప్పగిస్తున్నాను. నూటికి ముప్పై నాలుగు. అర మార్కు కూడా కలపలేదు. ఆ మూడో వరుసలో ఘర్షణ దిశ తిరగబడింది సార్, చాలా చిన్న తప్పు, నాకు వెంటనే కనబడింది. చూపిద్దామంటే మీరు లేరు.