మంచె మీద మోగిన ఫోన్

పాల్వంచలో కూర్చుని టేకులపల్లి అడవిలో ఉన్న ఫోన్‌కు తాళం వేయడం నాగలత ఉద్యోగం. పంటల సర్వే చేసేవాళ్లకు కంపెనీ ఇచ్చిన ఫోన్లన్నీ ఆమె కంప్యూటర్‌లో చుక్కలై కనిపిస్తాయి. ఎవరైనా ఆఫీసు ఫోన్లో సినిమా ఎక్కించుకుంటే ఇక్కణ్ణుంచే తీసేస్తుంది. "మా అత్త సుత గింత కావలి కాయది అక్కా" అంటారు సర్వే పిల్లలు. ఆమె నవ్వుతుంది. సినిమాను మాత్రం ఉంచదు.

ఒకరోజు తండా నుంచి సర్వే పిల్ల రూప్లి వేరేవాళ్ల ఫోన్లో ఏడ్చింది. "అక్కా, ఫోన్ యాడనో పడ్డది. వారం దినాలు తిరిగి తీసిన ఫొటోలన్నీ అండ్లనే ఉన్నయ్. సిగ్నల్ లేక పంపలే."

మేనేజర్ వెంకటరామారావు గారికి రైతుల వివరాల బెంగ. "ఎవడి చేతిలో పడిందో ఏంటో! సాయంత్రంలోగా దొరక్కపోతే మొత్తం చెరిపెయ్యమ్మా" అన్నారు.

చెరిపితే రూప్లి ఆ చేలన్నీ మళ్లీ తిరగాలి. నాగలత ఫోన్‌కు తాళం వేసి, నొక్కితే ఆఫీసుకు కాల్ వచ్చే పచ్చ గుర్తు ఒక్కటే తెరమీద ఉంచి, మోగించడం మొదలుపెట్టింది. సైలెంట్‌లో ఉన్నా గొంతు చించుకునే మోత అది. చుక్క అడవి అంచున ఎక్కడో ఉంది. రూప్లి వాగు వైపు వెతుకుతోంది. ఎవరూ పలకలేదు. పొద్దు వాలింది.

"ఇక చాలు, ఆపమ్మా" అన్నారు సారు.

మోత ఆపింది. చెరిపే బటన్ దగ్గరికి వచ్చేసరికి "చాయ్ తాగొస్త సార్" అని లేచింది. ఆమెకు చాయ్ అలవాటే లేదు.

అంతలో కాల్ వచ్చింది, పోయిన ఫోన్ నుంచే.

"ఏందమ్మా, మోగుడు బంద్ చేసినవ్? కోతులు మల్ల చేన్ల పడ్డయ్!"

హేమ్లి అనే ముసలమ్మ. తన మొక్కజొన్న చేను గట్టున దొరికిన ఫోన్‌ను తీసి మంచె మీద పెట్టిందట. అది అరిచిన ప్రతిసారీ కోతులు అడవిలోకి పరుగు. ఇక దించబుద్ధి కాలేదు. మోత ఆగేసరికి, మళ్లీ మోగుతుందేమోనని పచ్చ గుర్తు నొక్కింది.

"అవ్వా, అది మా రూప్లి ఫోన్."

"అవ్, రూప్లిదా? ఇస్త తియ్. గని కంకులు ఇరిసేదాక రోజూ మోగియ్యాలె."

"గట్ల మోగియ్యరాదు అవ్వా."

"మరి నీ కొలువేంది?"

కబురందగానే రూప్లి ఉరుకుతూ వెళ్లి మంచె ఎక్కింది. అక్కడ సిగ్నల్ దండిగా ఉంది. నాగలత తాళం తీయగానే ఫొటోలన్నీ ఆఫీసుకు చేరిపోయాయి.

వెంకటరామారావు గారు నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డారు.

"అమ్మా, సత్తుపల్లి దగ్గర మా తోటలోనూ కోతుల బాధేనమ్మా. ఆ మూల పడున్న పాత ఫోనొకటి..."

నాగలత, సినిమాలు తీసేసేటప్పుడు నవ్వే నవ్వే నవ్వింది.