బావ తెచ్చిన మిలిటరీ ట్రక్కు

మా బావ పాత మిలిటరీ ట్రక్కు కొనుక్కొచ్చిన దగ్గర్నుంచి బాపు నాకు ఫోన్ చేయడం తగ్గించాడు. నేను చేసినా రెండు ముక్కలు మాట్లాడి, "అల్లుడు పిలుస్తుండు బిడ్డా, మల్ల చేస్త" అని పెట్టేసేవాడు. మళ్లీ చేసేవాడు కాదు.

బావ అంటే మా అక్క భర్త. సైన్యంలో డ్రైవరుగా చేసి, పెన్షన్ మీద ఇంటికొచ్చి, నస్పూర్‌లో మా వెనక వీధిలోనే ఉంటున్నాడు. తను నడిపిన రకం బండే ఎవరో వేలంలో కొని మూలన పడేశారని తెలిసి, వెళ్లి తెచ్చుకున్నాడు. ముక్కు పొడుగ్గా, రంగు పెచ్చులూడి, మా వాకిలి ముందు సగం దారి ఆక్రమించి నిలబడింది. బాపు బొగ్గుగని వర్క్‌షాపులో బండ్ల ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ తర్వాత టీవీ ముందు కునికిపాట్లు పడుతూ ఉండేవాడు. ట్రక్కు వచ్చాక తెల్లారకముందే లేచి స్పానర్ల డబ్బా తీస్తున్నాడని అవ్వ, అంటే మా అమ్మ, మురిసిపోతూ చెప్పింది. నేనూ మురిసిపోవాల్సింది. నా కడుపు మండింది.

చిన్నప్పుడు బాపు ఇంటి దగ్గర ఎవరి మోటార్ సైకిల్ విప్పినా నేను పక్కన చేరేదాన్ని. "చేతులు నల్లగైతయ్, పోయి సదువుకో" అని లేపేసేవాడు. పంతం కొద్దీ ఆటోమొబైల్ డిప్లొమా చేశాను. కరీంనగర్‌లో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగం దొరికింది, అదీ కౌంటర్లో. వచ్చినవాళ్లు బండికి ఏమైందో చెప్తే విని, అడగాల్సినవి అడిగి, లోపలికి పంపడం నా పని. ఆ పని గురించి బాపు ఎన్నడూ ఏమీ అడగలేదు. అలాంటిది, ఒక ఆదివారం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆయన ట్రక్కు కింద పడుకుని బావ చేతిని తన చేత్తో పట్టుకుని, "గిక్కడ ఒత్తు, తెలుస్తున్నదా? జర కదులుతున్నది సూడు" అని నేర్పుతున్నాడు. నేను చెప్పులు విడవకుండా అక్కడే నిలబడిపోయాను. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

ట్రక్కు జబ్బేమిటో అన్నం తింటున్నప్పుడు బావే చెప్పాడు. మెల్లగా పోతే బాగానే ఉంటుందట. వేగం నలభై దాటగానే స్టీరింగు చేతుల్లో అటూ ఇటూ కొట్టుకుంటుందట. ఇంకొంచెం తొక్కితే బండి మొత్తం వణుకుతుందట. రిమ్ములు అలాగే ఉంచి, ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూశారు. చక్రం కింద జాకీ పెట్టి, పైనా కిందా పట్టి ఊపి చూస్తే ముందు చక్రం పక్కలకు మళ్లడానికి ఆధారమైన కింగ్‌పిన్ బుష్షులు అరిగి ఆడుతున్నాయని తేలింది. అవీ మార్చారు. ఊగుడు తగ్గింది కానీ పోలేదు.

"స్టీరింగ్ ఊగుడు, బండి వణుకుడు రెండూ ఒక్కటే కావు కదా?" అన్నాను.

బాపు బావ కంచంలో పప్పు వేస్తూ, "ముందుగాల ఊగుడు సంగతి సూద్దాం అల్లుడా" అన్నాడు. అడిగింది నేను, జవాబు బావకి.

ఆ సాయంత్రం ట్రక్కు నడుస్తుండగా పక్క నుంచి చక్రాలు చూడాలన్నాడు బాపు. బావ ట్రక్కులో ఉంటాడు కాబట్టి బాపుని అక్క స్కూటీ మీద తీసుకెళ్లడానికి మనిషి కావాల్సి వచ్చింది. అట్లా నా వంతు వచ్చింది. స్కూటీ నేను నడుపుతున్నాను. బాపు వెనక కూర్చుని, నా భుజం పట్టుకుని, ట్రక్కు వైపు వంగి చూస్తున్నాడు. మంచిర్యాల వైపు రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన చెయ్యి నా భుజం మీద పడి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

"నాకెందుకు నేర్పలే బాపూ గీ పని?" అని అడిగేశాను.

"ఏందీ?"

"బావకు నేర్పినట్టు నాకెందుకు నేర్పలే?"

గాలికి వినపడిందో లేదో తెలియదు. "ముంగట సూసి నడుపు," అన్నాడు. వెంటనే నా భుజం గట్టిగా నొక్కాడు. "ఆపు, ఆపు! ఎడమ చక్రం. టైరు కాదు, రిమ్మే తిరుగుడుల పక్కకు పోయి వస్తున్నది!"

ఇంటికొచ్చి ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపారు. బాపు ఇటుకలు పేర్చి, వాటి మీద ఒక సుద్దముక్కను రిమ్ము అంచుకు దాదాపు ఆనేలా పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పాడు. రిమ్ము చుట్టూ గీత పడలేదు. ఒక్క పక్కనే పడింది. అక్కడ రిమ్ము వంగింది. బావ బాపుని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. అవ్వ, అక్క నవ్వారు. స్కూటీ స్టాండు వేసి నేను మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాను.

మళ్లీ ఆదివారానికి వేరే రిమ్ము వేశారు. ఊగుడు పూర్తిగా పోయింది. వణుకుడు మాత్రం అట్లాగే ఉంది. ఈసారి ఎవరూ పిలవకుండానే క్యాబిన్‌లోకి ఎక్కి బావ పక్కన కూర్చున్నాను. బాపు నా పక్కన, తలుపు దగ్గర.

వేగం పెరిగాక స్టీరింగు మీద చెయ్యి పెట్టాను. కదలిక లేదు. సీటు మాత్రం కింద నుంచి జుమ్మంటోంది.

"న్యూట్రల్ చెయ్ బావా. యాక్సిలరేటర్ ఇడిసెయ్."

ఇంజను చప్పుడు పడిపోయింది. ట్రక్కు ఊపు మీదే పోతోంది. వణుకు ఆగలేదు. బండి నెమ్మదించే కొద్దీ దానంతటదే తగ్గింది. ఇవన్నీ కౌంటర్లో రోజూ నేను జనాన్ని అడిగేవే.

"ఇంజను కాదు," అన్నాను. "బావా, బండి తెచ్చినంక రంగు ఏసేటప్పుడు కింద షాఫ్ట్ ఇప్పినవా?"

"ఇప్పిన. తుప్పు గీకి రంగేసి మల్ల పెట్టిన."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. ఇంజను నుంచి వెనక ఇరుసుకు బలం తీసుకుపోయే ఆ షాఫ్ట్ రెండు ముక్కలు. ఒకటి ఇంకొకదాంట్లోకి గాట్లలాంటి పళ్ల మీద దూరుతుంది. రెండు కొసల్లో ఉన్న జాయింట్లు ఒకే వరుసలో రావాలి. ఒకటి రెండు పళ్లు తప్పినా బండి వణుకుతుంది. ఇంటికి రాగానే చున్నీ నడుముకు చుట్టి ట్రక్కు కింద దూరాను. టార్చి వేసి చూస్తే ఒక కొస నిలువుగా ఉంది, రెండోది పక్కకు వాలి ఉంది.

"తప్పు పెట్టినవ్ బావా!" అని వీధంతా వినపడేలా అరిచాను.

బావ మొహం మాడుతుందని ఎదురుచూశాను. ఆయన వచ్చి నా పక్కన పడుకుని, చూసి, పకపకా నవ్వాడు. "అరే, నిజమే! మామా, మరదలు పట్టేసింది సూడు. మనిద్దరం నెల రోజులు ఉత్తగ పరేషాన్ అయినం." ఆ నవ్వులో ఏ కల్మషమూ లేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

బాపు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "సరిగ్గ జెప్పినవ్ బిడ్డా," అన్నాడు. నేను ఇంకో మాట కోసం ఆగాను. ఆయన లేచి, చేతులు దులుపుకుంటూ అవ్వతో అన్నాడు: "అల్లుడు ఎంత మంచోడే, సూడు. తప్పంటే జర్రంత గూడ బాధపడలే."

తప్పు పట్టింది నేను. మంచివాడు మాత్రం బావ.

షాఫ్ట్ విప్పి సరిగ్గా పెట్టే పని మాత్రం బాపు నాకే ఇచ్చాడు. "పండ్లు జూసి పెట్టు, నేను పట్టుకుంట" అని పక్కన పడుకున్నాడు. గ్రీజు మోచేతుల దాకా అంటింది. చేతులు నల్లగైతయ్ అని ఆయన ఈసారి అనలేదు.

దసరాకి అందరం ట్రక్కెక్కి గోదావరి ఒడ్డుకు పోయాం. ముందు సీట్లో బావ, పక్కన బాపు. అక్కతో, అక్క పిల్లలతో, అవ్వతో నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. ముందు నుంచి ఇద్దరి మాటలూ నవ్వులూ వినిపిస్తున్నాయి, ఏమంటున్నారో అర్థం కావడం లేదు. బల్ల మీద అరచెయ్యి ఆనించి చూశాను. బండి ఎంత వేగంగా పోతున్నా చిన్న వణుకు కూడా లేదు. కొంచెం వణికితే బాగుండు, బాపు బండి ఆపించి వెనక్కొచ్చి నన్ను పిలుస్తాడు కదా అనిపించింది.