మేకల మెడల ఫోన్లు

నేను చెప్తాన్న, రాసేటామె రాస్తాంది. ముందుగాల ఆమెకు ఒక్కటే చెప్పిన. మా ఊరి పేరు రాయకు, మనుషుల పేర్లు అసలే రాయకు, కొడకండ్ల దిక్కు ఒక ఊరు అని రాయి చాలు అన్న. "ఎందుకవ్వా గంత భయం?" అన్నది. భయం గాదు. ఎవలు ఏది ఎందుకు అడుగుతాన్నరో తెల్వనిదాంక నా నోట్లకెళ్లి మాట ఊకెనే రాదు. మా ఆయన సచ్చిపోయినంక గిట్లయిన. అంతకుముందు గిట్ల లేకుంటి.

ఆయన పోయినంక నన్ను నిలవెట్టింది నా గుంపు. పత్తి ఏరుటానికి, మిరపకాయ ఏరుటానికి ఆడోళ్లను కూడగట్టి తీస్కపోత. రైతు నాకు ఫోన్ జేస్తడు, నేను ఇంటింటికి పోయి చెప్త, పొద్దుగాల ట్రాలీ ఆటో వస్తది, అందరం ఎక్కుతం. మాట ఇచ్చేది నేను, కూలి మాట్లాడేది నేను. మేస్త్రి అంటరు నన్ను. అక్షరాలల్ల నా పేరు గీకుడు ఒక్కటే వస్తది. గని ఎవలకు ఎవలు పడదో, ఆటోల ఎవల పక్కన ఎవలను కూసోవెట్టాలెనో నాకు ఎరుకే. ఆ గుంపు పోతే నాకు ఇంట్ల పొయ్యి లేదు, ఊర్ల మాట లేదు.

అసొంటి నా గుంపు మెడల ఫోన్లు వచ్చి పడ్డయి.

ఆ యాడాది పత్తి ఆఖరి ఏరుడు, మిరప మొదటి ఏరుడు ఒక్కసారే వచ్చినయి. అప్పుడే హైదరాబాదుల పెద్ద సదువు సదువుతున్న ఒక పిల్ల మా ఊరికి వచ్చింది. సెల్‌ఫోన్ సిగ్నల్ మీద పరిశోధన అట. కండ్లద్దాలు, వీపుకు సంచి. మా గడప మీద కూసోని టీవీల మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఇళ్లు ఎక్కడున్నాయో చూసి టవర్లు పెడుతున్నారమ్మా. మీలాగా పనికోసం ఊళ్లు తిరిగేవాళ్లకి దారిలో, చేలల్లో సిగ్నల్ ఉందో లేదో ఎవరూ చూడట్లేదు. నేను చూస్తున్నది అదే."

మనిషికో ఫోను ఇస్తదట. చిన్న సంచిల పెట్టి మెడల ఏస్కోని పనికి పోవుడే. యాడ సిగ్నల్ ఉన్నది, యాడ లేదు, అది దానంతట అదే రాసుకుంటదట.

"మా మాటలు ఇంటదా?" అన్న.

"వినదు."

"మేము యాడికి పోయినమో తెలుస్తదా?"

జర ఆగింది. "తెలుస్తుంది. నాకు మాత్రమే. ఎవరికీ చెప్పను."

ఆ ఆగుడు నాకు నచ్చలె. నిజం చెప్పేటోళ్లు ఆగుతరా, అబద్ధం చెప్పేటోళ్లు ఆగుతరా? పొద్దంత అదే సోంచాయించిన. గని మా ఆడోళ్లు అప్పటికే చెయ్యి సాపిండ్రు. మా సొంత ఫోన్లకు గూడ రీచార్జి ఏపిస్త అన్నది గద. మా గుంపుల ఒక నోరుగల్లామె ఉన్నది, నాకు వరుసకు చెల్లె. "అక్కా, నేను యాడున్ననో నా మొగడే అడగడు. కనీసం గీ ఫోనన్న అడుగుతది" అన్నది. అందరు నవ్విండ్రు. ఒక్క చిన్నది నవ్వలె. చిన్నదంటె మా గుంపుల అందరికంటె తక్కువ వయసుది, టేకుమట్ల నుంచి మా ఊరికి కోడలై వచ్చింది. మొగడు భూపాలపల్లిల బొగ్గు టిప్పర్ నడుపుతడు. అది నవ్వకుంటె నేను పట్టించుకోలె.

ఇగ మా ఊరి పటేలు ముచ్చట చెప్పాలె. పత్తి చేన్లు ఎక్కువ, పార్టీల తిరుగుతడు. మా గుంపు ముందుగాల ఆయన పత్తి ఏరాలె, తర్వాతనే ఇంకోళ్లది. అది అట్లనే నడుస్తాంది. కూలి మాత్రం నెల్లికుదురు దిక్కు మిరప తోటలోళ్లు ఇచ్చినంత ఇయ్యడు. అందుకే మేము ఒక ఉపాయం జేస్తం. "మొక్కు ఉన్నది పటేలా, దేవునికాడికి పోతాన్నం" అని చెప్పి, కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ అందరికి కనవడేటట్టు పళ్లెంల పెట్టుకోని ఆటో ఎక్కుతం. ఊరు దాటినంక పళ్లెం సీటు కిందికి, తలగుడ్డలు బయటికి. దేవుని పేరు మీద పోయి మిరపకాయ ఏరి వస్తం. మళ్లి వచ్చేటప్పుడు తొవ్వల ఏ గుడి కనవడితె ఆ గుడికాడ ఆపి ఆ కాయలు కొడ్తం. పటేలుకు అబద్ధం చెప్పినా దేవునికి చెప్పద్దు గద.

ఫోన్లు మెడల ఏస్కున్నంక మొదటిసారి గట్ల పోయి వచ్చినం. మర్నాడు పటేలు చేన్ల పత్తి ఏరుతాంటె ఆయన గట్టు మీద నిలవడి పిలిసిండు.

"ఏందవ్వా, మొక్కు తీరిందా?"

"తీరింది పటేలా."

"నెల్లికుదురుల ఏం దేవుడున్నడే? మిరపకాయలు ప్రసాదం పెడ్తడా?"

నా చేతుల పత్తి చేతులనే ఉన్నది, నడుముకు కట్టుకున్న ఒళ్లెకు పోలె. చుట్టు ఉన్నోళ్లు అందరు వంగిన నడుములు వంగినట్టే ఉంచిండ్రు.

"ఇంకోపారి గిట్ల జేస్తె మహబూబాబాద్ దిక్కు నుంచి వేరే ముఠాను తెప్పిస్త. గప్పుడు నువ్వు ఎవలకు మేస్త్రివో సూస్త" అన్నడు.

ఎవలు చెప్పిండ్రు? ఆటో నడిపేది మా అక్క కొడుకు, వాడు చెప్పడు. ఇగ మిగిలింది మెడల ఉన్న ఫోను. ముందుగాల చెయ్యి సాపిన మా చెల్లెనే ఇప్పుడు ఒర్రవట్టింది: "నేను అప్పుడే అనుకున్న అక్కా, పుణ్యానికి ఎవలన్న ఫోన్లు పంచుతరా? నువ్వన్న ఆలోచించకపోతివి, మేస్త్రివి." దాని నోరు మూయించుడు మా దేవునితోని గూడ గాదు.

ఊకెనే అనుకునుడు గాదు, రుజువు పట్టాలె అనుకున్న. మా మరిది మేకలు కాస్తడు. మళ్లోసారి నెల్లికుదురు పోయే రోజు పొద్దుగాల అందరి మెడలల్లకెళ్లి ఆ పిల్ల ఇచ్చిన ఫోన్లు తీపిచ్చిన. మా మరిది మందల మేకల మెడలకు ఒక్కోదానికి ఒక్కో సంచి కట్టిన.

"వదినె, నీకేమన్న గాలి సోకిందా?" అన్నడు.

"నువ్వు మేకలు కాయి. మేము యాడున్నమని ఎవలన్న అడిగితె గుట్టకు పోయినమని చెప్పు."

"అబద్ధమెందుకు, మీ ఫోన్లు పోతానే ఉన్నయి గద" అని నవ్విండు.

ఫోన్లు గుట్టకు పోయినయి, మేము కొబ్బరికాయలు పట్టుకోని మిరప తోటకు పోయినం. పొద్దుగూకినంక వచ్చి చూస్తె ఒక మేక సంచి పట్టీని సగం నమిలింది. మర్నాడు ఆ సదువుకునే పిల్ల ఫోన్ జేసింది.

"అమ్మా, నిన్న ఏం పనికి వెళ్లారు? అందరూ గుట్టెక్కారు, ముళ్లపొదల్లో తిరిగారు, ఒకే చెట్టు చుట్టూ చాలాసేపు ఉన్నారు."

"పుల్లలకు పోయినం బిడ్డా" అన్న. అంటె గీ ఫోను మేము యాడున్నది చెప్తది, నిజమే. నా అనుమానం ఉత్తది గాదు. ఇగ పటేలు గుట్ట ముచ్చట ఎత్తుతె ఆ పిల్ల దొరికిపోయినట్టే అని ఆయన చేనుకు పోయిన.

ఆయన గుట్ట అనలె. "మళ్ల నెల్లికుదురేనా అవ్వా? ఇగ గిదే ఆఖరు" అన్నడు.

ఫోన్లు గుట్ట మీద ఉంటె ఆయనకు నెల్లికుదురు ఎట్ల తెలిసింది? ఆ పిల్ల చెప్పలె. మా గుంపుల నుంచే పోయింది మాట. గప్పుడు నాకు ఇంక ఎక్కువ భయమైంది. ఫోనైతె తీసి మేకకు కట్టొచ్చు. మనిషినైతె ఏం జేస్తవ్?

ఆనాటి సంది ఆటోల ఒక్కొక్కలను సూసుడే నా పని. ఎవలు పటేలు ఇంటికి వాకిలి ఊడ్వవోతరు, ఎవల కొడుకు పటేలు ఎనక జెండా పట్టుకోని తిరుగుతడు, ఎవలు నన్ను సూడంగనే మాట ఆపుతరు. అనుమానం వచ్చినంక ప్రతి మొకం దొంగ మొకం లెక్కనే కనవడ్డది. మా చెల్లె మీద గూడ వచ్చింది, అంత లొల్లి ఎందుకు జేస్తాందని.

ఒకనాడు పటేలు చేన్లనే పగటీలి అందరం సద్దులు ఇప్పినం. చిన్నది తన గిన్నె పట్టుకోని దూరం గట్టు మీదికి పోయింది. పత్తి చెట్లు ఎనక కనవడేటట్టు నిలవడి, తన సొంత ఫోను మొకం ముందట పట్టుకున్నది. నవ్వుకుంట దిగలె ఫోటో. దవాఖానల సూది ఏపిచ్చుకునేటప్పుడు పెట్టే మొకం పెట్టింది. నేను ఎనకనుంచి పోయిన.

"ఎవలకే ఆ ఫోటో?"

జడుసుకున్నది. "మా ఆయనకు అత్తా. పగటీలి ఫోటో పంపాలె, యాడున్ననో లొకేషన్ గూడ పంపాలె. పంపకుంటె ఎవనితోని ఉన్నవని లొల్లి వెడ్తడు."

"రోజా?"

"పెండ్లయిన కాడ్నుంచి."

"నెల్లికుదురుకు పోయినప్పుడు గూడ పంపినవా?"

తల ఊపింది.

"మీ ఆయన నడిపే టిప్పర్ ఎవలదే?"

గిన్నెల అన్నం దిక్కు సూసుకుంట చెప్పింది, "పటేలు బామ్మర్దిది."

ఇగ అడిగేదేమున్నది. దాని మొగడు ఓనర్‌కు చెప్తడు, ఓనర్ పటేలుకు చెప్తడు. ఇది ఎవలకు చెప్పలె, మొగనికి చెప్పుకున్నది. నాకు కోపం కండ్లదాంక వచ్చింది. రేపటి నుంచి ఆటో ఎక్కకు అంటె అయిపోతది, నా గుంపు నాకు దక్కుతది. మాట నోటిదాంక వచ్చింది గూడ.

"నన్ను తీసెయ్యకు అత్తా" అన్నది, నేను అనకముందే. "గీ పని ఉందనే ఇల్లు కదలనిస్తాండు."

సద్ది తినుపో అన్న.

ఆ పరేషాన్లనే ఉండంగ సదువుకునే పిల్ల మళ్లా వచ్చి గడప మీద కూసున్నది. ఫోను సంచి పట్టీకి పండ్ల గాట్లు సూసింది. "మేకలా అమ్మా?" అన్నది. మేకలే అన్న. కోపానికి రాలె. మొదటిసారి నెల్లికుదురు పోయినప్పటి నా తొవ్వ గీత తన ఫోన్ల చూపెట్టింది. సిగ్నల్ ఉన్నకాడ పచ్చగ ఉన్నది. నెల్లికుదురు తొవ్వల ఒక తండా ఉన్నది, అది దాటినంక రెండు గుట్టల నడుమ గీత తెగిపోయింది.

"ఇక్కడ అసలు లేదు. ఏ కంపెనీదీ లేదు" అన్నది.

ఆ జాగ నాకు ఎరుకే. అక్కడ ఒక రైతుది పెద్ద మిరప తోట ఉన్నది, రమ్మని ఎన్నిసార్లో ఫోన్ జేసిండు. సడక్ నుంచి తోటదాంక తొవ్వ బాగలేదని నేనే పోతలేను.

గప్పుడే ఇంకో పరీక్ష పెట్టిన. "మా గుంపుల చిన్నది ఉన్నది సూడు, దాని గీత సూపెట్టు."

"చూపించనమ్మా. ఆవిడది ఆవిడకే చూపిస్తాను."

"నేను మేస్త్రిని."

"అయినా సరే."

ఈసారి ఆగలె. సగం నమ్మిన. మిగిలిన సగం గిప్పటికి నాకాడనే ఉన్నది.

"ఈ గుట్టల మధ్య టవర్ కావాలని మీ మాటగా రాస్తాను. అక్కడ ఎవరికైనా ఏదైనా అయితే ఫోన్ కూడా కలవదు కదా" అన్నది.

నిజమే. మిరప తోటల పాములుంటయి. పాము కరిస్తె ఆటోల తండాదాంక వచ్చినంకనే ఫోను కలుస్తది. అది నేను ఆలోచించకుండ లేను.

"వద్దు" అన్న.

"ఎందుకు?"

"గుట్టల నడుమ ఎవలుంటరు బిడ్డా, మేకలు తప్ప."

నా మొకం దిక్కు సూసింది. ఇప్పుడు ఆమెకు నా మీద అనుమానం. "ఫోన్ రాసింది నేను మార్చలేను. మీరు వద్దన్నారని కూడా రాస్తాను" అని లేసి పోయింది.

గుట్టల నడుమ రైతుకు మాటిచ్చిన. మొదటి రోజు పగటీలి ఫోటో రాకపొయ్యేసరికి చిన్నదాని మొగడు ఆగమాగం జేసిండట. సిగ్నల్ లేదంటె నమ్మలె. మళ్ల మేము పోయిననాడు సెలవు పెట్టి, తొవ్వ అడుక్కుంట బండి మీద ఆ తోటదాంక వచ్చిండు. ఫోను పైకి పట్టుకోని గట్టు మీద ఇటు తిరిగిండు, అటు తిరిగిండు. మేము ఆడోళ్లమే కనవడ్డం. మా చెల్లె ఊకుంటదా? "ఏం అల్లుడా, దిష్టి తీస్తానవా?" అన్నది. బండి తిప్పుకోని పోయిండు.

వచ్చిన మొగోడు తోట సూసిపోయిండు గద, పటేలుకు చేరుతదని నేను జడుసుకుంటనే ఉన్న. ఒకనాడు పటేలు పిలిసిండు. "మొక్కేనా?" అన్నడు. "మొక్కే" అన్న. నా కండ్లల్లకు సూసిండు, నేను ఆయన కండ్లల్లకు సూసిన. నెల్లికుదురు అనలె. పెండ్లాం మీద అనుమానంతోని సూడవోయి, ఆడోళ్లతోని మాటవడి వచ్చిన ముచ్చట ఓనర్‌కు చెప్పుకోలేకపోయిండో, చెప్తె పటేలే ఊకున్నడో నాకు తెల్వదు. వేరే ముఠా అయితె రాలె.

గిప్పటికి ఆ తొవ్వల పోయినప్పుడల్లా తండా దాటంగనే నేను సద్దిమూట సూసుకోను, మందిని లెక్కవెట్టుకోను. తలకాయ ఎత్తి ముందుగాల రెండు గుట్టల నెత్తిన సూస్త, కొత్తగ టవర్ ఇనుము ఏమన్న లేస్తాందేమోనని. నా పక్కన చిన్నది ఫోను తీసి సద్దిగిన్నె సంచిల వడేసి, తలగుడ్డ సుట్టుకుంటది.