ఎర్రక్షరాల పేపరు, మా నాయన

మా నాయన పేపరు చదువుతుంటే జనం నవ్వేవాళ్లు. ఇది గొప్పగానే చెప్తున్నాను. ఇప్పుడు కూడా ఆయన కనబడితే నవ్వుతారు. కానీ ఈ నవ్వు వేరు. మొదటి నవ్వు ఎట్లా పోయిందో, రెండోది ఎట్లా వచ్చిందో నా కళ్లతో చూశాను. ఎవరూ అడగలేదు. అడగరు కూడా. అయినా చెప్తాను.

మాది గోపాల్‌పేట దగ్గరి ఊరు. చౌరస్తాలో ఒక చాయ్ హోటల్ ఉంది. దానికి రెండు పేపర్లు వచ్చేవి. ఒకటి పెద్ద పేపరు, దాన్ని సారులు, ఎరువుల దుకాణపాయన చదివేవాళ్లు. రెండోది చిన్నది, జిల్లాలోనే అచ్చయ్యేది. మొదటి పేజీలో సగం ఎర్ర అక్షరాలే. ‘ఎమ్మెల్యే ఇంట్లో ఏం జరిగింది?’ అని పైన ఉంటుంది. కింద చదివితే ఏమీ జరగలేదని తెలుస్తుంది. ఏ లీడరు ఏ లీడరుతో మాట్లాడటం మానేశాడు, ఎవరి కారు ఎవరి ఫాంహౌస్ ముందు ఆగింది, ఎవరు ఏ పార్టీలోకి దూకబోతున్నారు, అంతా ఇదే ముచ్చట. ఊళ్లో దాన్ని ఎర్రక్షరాల పేపరు అనేవాళ్లు. మా నాయన చదివేది అదే.

చదవడం అంటే తనకోసం చదువుకోవడం కాదు. కూలికి పోయే ఆడవాళ్లు ఆటో కోసం నిలబడేది అక్కడే, చదువు రాని ముసలివాళ్లు పొద్దున్నే చేరేది అక్కడే. నాయన గోడకు ఆనుకుని బెంచీ మీద కూర్చుని, దారంతో కట్టిన కళ్లద్దాలు పెట్టుకుని గొంతు సవరించుకుంటే హోటల్లో గ్లాసుల చప్పుడు కూడా తగ్గేది. ఆయన చదవడం అయ్యేదాకా ఆ పేపరును ఇంకొకరు ముట్టుకోకూడదు. చదివినాయనకు చాయ్ ఉత్తదే, పైసలు తీసుకోరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ అది కట్టుబాటు.

ఆయన గొంతులు పెట్టి చదివేవాడు. ఎమ్మెల్యేకు ముక్కుతో మాట్లాడే గొంతు. ఓడిపోయినాయనకు ఏడుపు గొంతు. ఎమ్మెల్యే వెంట తిరిగే చెంచాకు ఇంకో గొంతు, అందరికీ ఇష్టమైనది అదే. కాలువ నీళ్లు ఇదిగో వస్తున్నాయని పేపరు రాసినప్పుడల్లా నాయన ఛాతీ ముందుకు పెట్టి, కనుబొమలు ఎగరేసి, ఆ చెంచా లెక్క, “ఏందివయా, పేపర్ల పడ్డంక గూడ నమ్మవా?” అనేవాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నీళ్లు రావని అందరికీ తెలుసు. ఆయనకు అందరికంటే ముందే తెలుసు.

ఈ విద్య ఆయనకు వలసలో అబ్బింది. పడుచుతనంలో, కూలీలను పరాయి ఊర్లకు తోలుకపోయే గుంపు మేస్త్రి వెంట పోయి ఎక్కడెక్కడివో కాలువలు తవ్వాడు. పొద్దంతా మన్ను మోసి వచ్చినవాళ్లు అన్నం ఉడికేలోపే తినకుండా ఒరిగిపోయేవాళ్లట. వాళ్లను మేల్కొలిపి ఉంచడం చదువొచ్చిన ఆయన వంతు. ఉప్పో పప్పో కట్టుకొచ్చిన పేపరు ముక్క విప్పి చదివేవాడు. ముక్క కన్నడంలో ఉంటే నోటికొచ్చింది కల్పించి చదివేవాడు. నవ్వితే నిద్రపోరు, నిద్రపోకపోతే నాలుగు మెతుకులు తింటారు. “వినేటోళ్లు నవ్వకుంటే నేను చదివినట్టే గాదు బిడ్డా” అని నాతో ఎన్నోసార్లు అన్నాడు.

అన్ని ఊర్లకు కాలువలు తవ్వి వచ్చిన మనిషికి తన చెల్క, ఆ కాస్త మెట్టపొలం, ఎండిపోయి ఎదురొచ్చింది. ఎత్తిపోతల పెద్ద కాలువ మాకు దూరం నుంచి పోతుంది. దాని నుంచి మా వైపు ఒక పిల్లకాలువ రావాలి. కొలతలు తీశారు, రాళ్లు పాతారు, పోయారు. బోర్లు ఒకటి తర్వాత ఒకటి ఎండాయి. పాతిన రాళ్ల మీద మా మేకలు ఎక్కి నిలబడేవి. నాయనకు బతుకులో మిగిలిన ఆశ ఆ పిల్లకాలువ ఒక్కటే. పొద్దున నవ్వులన్నీ అయ్యాక పేపరు మడిచి, ఏ గొంతూ పెట్టకుండా, “సరే, సోమారం కాలువల ఆఫీసుకు పోయి గట్టిగ అడుగుదం, ఎవరెవరొస్తరు?” అనేవాడు. నవ్విన మనుషులే వెంట కదిలేవాళ్లు. నవ్వించడం వల్లనే ఆయన మాటకు పదిమంది లేచేవాళ్లని నాకు తర్వాత అర్థమైంది.

ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. రాజకీయాల మీద ఫోన్లలో కామెడీ వీడియోలు చేసే ఒకతను కెమెరావాళ్లను వెంటబెట్టుకుని వనపర్తి నుంచి మా చౌరస్తాకు వచ్చాడు. మన యాసలోనే చేస్తాడు, లీడర్లను బాగా ఏకుతాడని పేరు. నేను కూడా చూసి నవ్వేదాన్ని. నేను వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తాను, అత్తగారిది ఇదే ఊరు కాబట్టి రోజూ ఇక్కడి నుంచే బస్సు ఎక్కుతాను. ఆ రోజు బస్సు కోసం నిలబడి అంతా చూశాను.

“పెద్దనాయినా, నువ్వు మస్తు చదువుతవంట గద. జర చదువు, వీడియో తీసుకుంట” అన్నాడతను.

నాయన ముఖం వెలిగిపోయింది. రుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఉన్న గొంతులన్నీ పెట్టాడు. చెంచా గొంతును చివరికి దాచుకుని, దాన్ని మామూలు కంటే ఎక్కువ సాగదీసి చదివాడు. హోటల్ అంతా చప్పట్లు. కెమెరా పట్టుకున్నవాళ్లు కూడా నవ్వారు. తనతో కలిసి నవ్వుతున్నారనుకున్నాడు నాయన. నేనూ అట్లనే అనుకున్నాను.

వీడియో వచ్చింది. అందులో ముక్కు గొంతు లేదు, ఏడుపు గొంతు లేదు. మొదట ఎర్ర అక్షరాలు కనబడతాయి. తర్వాత నాయన ముఖం, బాగా దగ్గరగా, పళ్లు లేని చిగుళ్లు కూడా కనబడేంత దగ్గరగా. “పేపర్ల పడ్డంక గూడ నమ్మవా?” వెనక గాడిద ఓండ్ర. ఆ తర్వాత ఆ కామెడీ అతను కెమెరా వైపు తిరిగి, “గిట్లాంటి మేధావులు ఉన్నన్ని దినాలు మన లీడర్లకు ఫికరే లేదు” అంటాడు. ఎవరిని వెక్కిరించడానికి నాయన ఆ మాట అన్నాడో వాళ్లు హాయిగా ఉన్నారు. వెక్కిరించినాయన మాత్రం దొరికిపోయాడు.

ఆ మాట ఊర్లు పట్టి తిరిగింది. గద్వాలలో చీర కొనబోతే దుకాణంలో కుర్రాడు ధర చెప్పి, “అక్కా, పేపర్ల పడ్డంక గూడ నమ్మవా?” అన్నాడు. నాగర్‌కర్నూల్ దవాఖానలో లైనులో ముందున్న ఇద్దరు అదే అనుకుని నవ్వుకున్నారు. మా బడి స్టాఫ్ రూములో అన్నం తినేటప్పుడు ఆ వీడియో పెట్టారు. లెక్కల సారు టేబులు కొట్టి నవ్వాడు. “ఈ చిన్న పేపర్లు చదివే బ్యాచి ఉంది చూడండి మేడం, వీళ్లకు ఓటు హక్కే ఉండొద్దు” అన్నాడు.

“ఆయన మా నాయన” అన్నాను.

ఎవరో వీడియో ఆపేశారు. లెక్కల సారే, “అయితే మీ నాయన ఫేమస్ గద మేడం” అన్నాడు. నేను డబ్బా మూసేసి లేచాను.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఆ కాలువ నీళ్ల ముచ్చట పెద్ద పేపరులో కూడా వచ్చింది, మొదటి పేజీ నిండా, నవ్వే లీడర్ల ఫొటోలతో, ప్రకటన రూపంలో. దాన్ని ఈ సారులందరూ చదివారు. ఎరువుల దుకాణపాయన దాన్ని నమ్మి వరి విత్తనాలు తెచ్చి పెట్టుకున్నాడు. ఆయన ముఖం మీద ఎవరూ గాడిద ఓండ్ర పెట్టలేదు. చిన్న పేపరు చదివి నవ్వుకున్నవాడు మూర్ఖుడు, పెద్ద పేపరు చదివి నమ్మినవాడు పెద్దమనిషి. ఇది ఏ న్యాయమో ఇప్పటికీ నాకు తెలియదు.

ఎలక్షన్ల ప్రచారానికి ఒక పార్టీ వాళ్లు మా ఊరికి ధూంధాం బృందాన్ని తెచ్చారు. లారీ మీద స్టేజీ, డప్పులు, పాటలు. మధ్యలో ఒక వేషం వచ్చింది. రుమాలు, దారంతో కట్టిన అద్దాలు, చేతిలో ఎర్రక్షరాల పేపరు. ఆ వేషం వేసినవాడు తూలుకుంటూ వచ్చి, నీళ్లు వచ్చాయని పేపరులో చూసి ఎండిన మడిలోకి దూకి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఊరు ఊరంతా ఈలలు వేసింది. నాయన ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వాడు. పక్కవాళ్ల తొడ మీద చరిచి మరీ నవ్వాడు. నేను ఆయన ముఖం చూడలేక లారీ టైర్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత రెండో పార్టీ వచ్చింది. వాళ్లు కూడా అదే వేషం దించారు, తిట్టే లీడరు పేరు మాత్రం మారింది. రెండు పార్టీలకూ కలిసిన మాట ఇదొక్కటే, మా నాయన తెలివితక్కువవాడని.

“నీకు కోపం రాదా నాయినా?” అని ఇంటికొచ్చాక అడిగాను.

“నవ్విన్రు గద బిడ్డా” అన్నాడు. అని, చాలాసేపు అద్దాల దారం విప్పి కట్టుకుంటూ కూర్చున్నాడు.

ఎలక్షన్లు అయ్యాయి. కొత్త సర్కారు కదా, ఇప్పుడే అడగాలని నాయన మళ్లీ పదిమందిని లేపాడు. పిల్లకాలువ దరఖాస్తు నేను రాశాను. బడికి సెలవు పెట్టి నేను కూడా ఆఫీసుకు పోయాను. కుర్చీలో ఉన్న సారు దరఖాస్తు అందుకుని తలెత్తాడు. నాయనను చూశాడు. పక్క గది వైపు తిరిగి, “అరే రాండ్రి, ఎవరొచ్చిన్రో చూడుండ్రి” అని కేకేశాడు. మనుషులు వచ్చారు, ఫోన్లు బయటికి తీశారు.

“పెద్దాయనా, ఒక్కసారి ఆ మాట అను. మీ పని తర్వాత చూద్దం.”

నాయన మా వైపు చూశాడు. ఆయన వద్దంటాడని, దరఖాస్తు అక్కడ పెట్టి బయటికి వస్తాడని నేను ఎదురు చూశాను. మా వెంట వచ్చినాయన ఒకడు చెవిలో, “అనరాదు మామా, అంటే పనైతది” అన్నాడు. నాయన ఛాతీ ముందుకు పెట్టాడు. కనుబొమలు ఎగరేశాడు. అన్నాడు. గోడలు ఎగిరిపోయేటట్టు నవ్వారు. భుజం మీద చేతులేసి ఫొటోలు దిగారు. దరఖాస్తు మీద ముద్ర కొట్టి, “పోయి రాండ్రి” అన్నారు. పిల్లకాలువ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అందరం ఒకే ఆటోలో తిరిగి వచ్చాం. ఊరు దగ్గరికొచ్చాక, “అనరాదు మామా” అన్నాయనే అందుకున్నాడు. “ఇంకోసారి మామను తోలుకపోవద్దు. ఆయనను చూస్తే మన పని కామెడీ అయితున్నది.” ఎవరూ కాదనలేదు. నాయన కూడా తలూపాడు.

మరునాడు ఆయన హోటల్‌కు పోలేదు. ఆ తర్వాత కూడా పోలేదు. పేపరు బెంచీ మీద అట్లనే ఉండేది, ఎవరికి వాళ్లు ఫోన్లు చూసుకునేవాళ్లు. ఆఫీసుకు పోదామని లేపేవాడు లేక ఆ పని కూడా ఆగిపోయింది. కూలికి పోయే ఆడవాళ్లు మాత్రం నాయన ఇంక చదవడా అని కొన్నాళ్లు నన్ను అడిగారు, తర్వాత వాళ్లూ మానేశారు. నేను పేపరు ఇంటికి తెచ్చిస్తే మంచం మీద కూర్చుని పెదవులు కదిలిస్తూ చదువుకునేవాడు. గొంతు బయటికి వచ్చేది కాదు.

మొన్న వానాకాలం ముందు ఒక రోజు ఆయనే నన్ను పిలిచాడు. ఎర్రక్షరాల పేపరు లోపలి పేజీలో, కింద మూలకు, చిన్న నల్లక్షరాల్లో ఒక వార్త ఉంది. మా వైపు పిల్లకాలువను ప్లానులోంచే తీసేస్తున్నారు. అభ్యంతరం ఉన్న రైతులు వారంలోపల ఆఫీసుకు పోయి చెప్పుకోవాలి. పెద్ద పేపరంతా వెతికాను, అందులో లేదు. ఆఫీసుకు ఫోను చేశాను, నిజమే అన్నారు.

“నేను పోతే ఎవరు నమ్మరు” అన్నాడు నాయన. “నువ్వు పోయి చదువు బిడ్డా. టీచరమ్మవు, నీ మాట ఇంటరు. గొంతులు గిట్ల పెట్టకు. ఉత్తగ చదువు.”

పొద్దున్నే హోటల్ ముందుకు పోయాను. నాయన కూర్చునే చోట నిలబడ్డాను. ఫోన్లు దించమని బతిమాలాను. ఊరి పేరు, కాలువ పేరు, వారం గడువు, అన్నీ బడిలో పాఠం చదివినట్టు విడమరిచి చదివాను. ఆఫీసు వాళ్లు ఫోనులో చెప్పింది కూడా చెప్పాను. అందరం కలిసి రేపే పోదామన్నాను.

వెనక నుంచి ఎవరో అన్నారు, “పేపర్ల పడ్డంక గూడ నమ్మమా మరి?”

మొదట ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. నాయన వెంట ఏళ్లకేళ్లు ఆఫీసులకు తిరిగినవాళ్లు, ఆ మాట ఎవరిదో, ఎవరిని వెక్కిరించిందో ఎరిగినవాళ్లు, వాళ్లే నవ్వారు. బస్సు వచ్చింది, నేను ఎక్కలేదు. ఇంటికి పోయాను.

నాయన గడపలోనే నిలబడి ఉన్నాడు. ఎందరు వస్తామన్నారో అడుగుతాడనుకున్నాను.

“నవ్విన్రా?” అని అడిగాడు.

“నవ్విన్రు నాయినా.”

“గొంతు పెట్టొద్దంటి గద బిడ్డా.”

“పెట్టలే నాయినా. ఉత్తగనే చదివిన.”

ఆయన నా చేతిలో పేపరు తీసుకున్నాడు. అద్దాలు లేకుండానే దాన్ని కాసేపు చూశాడు.

“ఉత్తగ చదివినా నవ్విన్రా?” అన్నాడు.